ఛార్జి నిండితేనే పలికే స్పీకరు

పత్తి అమ్ముకోవడానికి కాటన్ కార్పొరేషన్ కొనుగోలు కేంద్రానికి వెళ్లిన రైతు కాటా కన్నా ముందు తేమ మీటరుకు తల ఒగ్గాలి. చేతిలో ఇమిడే పరికరం అది. దాని ముళ్లను పత్తిలోకి గుచ్చుతారు, అంకె చూస్తారు, ధర తేలుస్తారు. తేమ 8 శాతం లోపుంటే పూర్తి మద్దతు ధర. ఆపైన శాతానికింత కోత. 12 దాటితే సరుకు వెనక్కి. చిలకలూరిపేటయినా సత్తెనపల్లయినా పేచీలన్నీ ఆ అంకె మీదే. మంచు పట్టిన పై పొరలో గుచ్చారని ఒకరు, పత్తిని గట్టిగా అదిమి పట్టి చూశారని ఇంకొకరు.

అసలు సంగతేమిటంటే, ఈ రకం మీటరు నీటిని కొలవదు. ముళ్ల మధ్య పత్తిలోంచి సన్నని కరెంటు పంపి, అది ఎంత సులువుగా పారిందో చూస్తుంది. తడి ఎక్కువైతే పారుదల ఎక్కువ. ఆ పారుదలనే తేమ శాతంగా మార్చి చూపిస్తుంది. గట్టిగా అదిమితే పోగులు ఒకదానికొకటి ఆనుకుని కరెంటుకు దారి బాగుపడుతుంది, అంకె పెరుగుతుంది. కాబట్టి రైతు ఫిర్యాదులో న్యాయం లేకపోలేదు.

పత్తి ధరను తేల్చే ఈ పారుదలే ఒక జాతి లౌడ్‌స్పీకర్ల గొంతును కూడా తేలుస్తుంది. వాటిని ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్లంటారు. నిలువెత్తు పలకల్లా ఉంటాయి, ఖరీదెక్కువ, మన ప్రాంతంలో అరుదు. వాటిని వాడేవాళ్లు తరచూ చెప్పే వింత ఒకటుంది. స్విచ్ వేయగానే పాట నీరసంగా, దూరంగా వినిపిస్తుంది. కాసేపటికి గొంతు విచ్చుకుంటుంది. వానాకాలంలో ఆ కాసేపు మరీ సాగుతుంది. నెలల తరబడి మూలన పడి ఉన్న పాత స్పీకరైతే పూటంతా తీసుకోవచ్చు. మామూలు స్పీకరుకు లేని ఈ బద్ధకం దీనికెందుకు?

రెండు రేకుల మధ్య ఒక పొర

మన ఇళ్లలో, పెళ్లి పందిళ్లలో మోగే స్పీకర్లన్నీ ఒకే కుటుంబం. అయస్కాంతం మధ్య తీగచుట్ట, దానికి అతికించిన కాగితపు శంకువు. చుట్టలో కరెంటు మారితే అది ముందుకూ వెనక్కీ ఊగి శంకువును నెడుతుంది. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీర్లు రైస్, కెల్లాగ్ 1925లో ఈ నమూనాను స్థిరపరిచారు. నూరేళ్లయినా అదే నడుస్తోంది.

విచిత్రమేమిటంటే అదే కెల్లాగ్ ఎలక్ట్రోస్టాటిక్ స్పీకరు మీద కూడా పని చేసి 1934లో పేటెంటు పొందాడు. ఇందులో అయస్కాంతం లేదు, తీగచుట్ట లేదు. చిల్లులున్న రెండు లోహపు రేకులు ఎదురెదురుగా నిలబడతాయి. వాటి మధ్య బిగించి కట్టిన పలచని పొర. రేకుకూ పొరకూ నడుమ ఎడం రెండు మూడు మిల్లీమీటర్లు. పొరకు కొన్ని వేల వోల్టుల ఛార్జి ఎక్కించి ఉంచుతారు. పాట తాలూకు విద్యుత్తు రేకులకు అందుతుంది. ఒక రేకు పొరను లాగుతుంటే రెండోది నెడుతుంది. మరుక్షణం పాత్రలు తారుమారు. పొర ఊగి గాలిని ఊపుతుంది, చిల్లుల్లోంచి శబ్దం బయటికొస్తుంది.

కెల్లాగ్ నాటికి ఇంత పలచగా, ఇంత గట్టిగా ఉండే పొర లేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ప్లాస్టిక్ పొరలు వచ్చాకే కథ ముందుకు జరిగింది. హార్వర్డ్ ఆచార్యుడు ఫ్రెడరిక్ హంట్ 1954లో వేసిన పుస్తకంలో దీని సిద్ధాంతాన్ని విడమర్చాడు. ఇంగ్లండులోని హంటింగ్డన్‌లో పీటర్ వాకర్ అనే తయారీదారు 1957లో ‘క్వాడ్’ పేరుతో ఇంట్లో పెట్టుకోదగ్గ స్పీకరును అమ్మకానికి తెచ్చాడు. అందులో మంద్రస్వరాల పలకలకు దాదాపు 6,000 వోల్టులు, తారస్వరాల పలకకు 1,500 వోల్టులు. పాతికేళ్లకు పైగా దాన్ని తయారుచేస్తూ వచ్చారు.

ఇంత తంటా దేనికంటే పొర బరువు కోసం. ఆరు మైక్రాన్ల పొర చదరపు మీటరుకు ఎనిమిది గ్రాముల పైచిలుకు తూగుతుంది. దాని ముందున్న గాలిలో ఏడు మిల్లీమీటర్ల మందం బరువు కూడా అంతే. అంటే ఈ పొర ఇంచుమించు గాలంత తేలిక. ఆగమంటే ఆగుతుంది, కదలమంటే కదులుతుంది. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చిన మౌలానా నాదస్వరం రికార్డును ఇలాంటి స్పీకరులో వింటే స్వరం అందుకునే తొలి తాకిడి, వదిలే చివరి ఊపిరి విడివిడిగా తెలుస్తాయి. శుభకార్యంలో గోల చేయమంటే మాత్రం దీని వల్ల కాదు. పొర కదలడానికి చోటే ఆ రెండు మూడు మిల్లీమీటర్లు.

నిదానం కావాలనే పెట్టారు

పొరకు ఛార్జి ఎక్కించడం క్షణంలో పని కదా, దాని మీద మంచి లోహపు పూత పూస్తే సరిపోదా అనిపిస్తుంది. పూస్తే నిజంగానే క్షణంలో నిండుతుంది. పాట మాత్రం పాడవుతుంది.

ఎందుకో చూద్దాం. డోలు మోగినప్పుడు పొర నడిమి భాగం ఒక రేకు వైపు బాగా ఉబ్బుతుంది. పూత లోహానిదైతే ఛార్జి మొత్తం ఆ ఉబ్బిన చోటికి పరుగెత్తుతుంది, అక్కడే ఆకర్షణ ఎక్కువ కాబట్టి. ఛార్జి చేరేకొద్దీ లాగుడు పెరుగుతుంది. లాగుడు పెరిగేకొద్దీ పొర ఇంకా దగ్గరవుతుంది. చివరికి రేకుకు అతుక్కుపోవచ్చు, నిప్పురవ్వ లేచి చిల్లు పడొచ్చు. అంత దాకా రాకపోయినా శబ్దం వంకరపోతుంది.

దీనికి మందు, ఛార్జిని కదలనివ్వకపోవడమే. అందుకే పొర మీద కావాలనే కరెంటు సరిగా పారని పూత పూస్తారు. నలభై కంపనాల మంద్రస్వరంలో పొర ఒక వైపు ఊగే సమయం సెకనులో ఎనభయ్యో వంతు. అంతలో ఛార్జి చోటు మారలేకపోతే చాలు, ఎక్కడిది అక్కడే ఉండి నమ్మకంగా పనిచేస్తుంది. హంట్ లెక్కల సారం ఇదే. పొర మీద ఛార్జి మారనంత కాలం శబ్దం మూలానికి విధేయంగా ఉంటుంది.

సెకనులో ఎనభయ్యో వంతులో కదలలేని ఛార్జి, మొదట నిండేటప్పుడు మాత్రం గబగబా ఎలా కదులుతుంది? పొర అంచు చుట్టూ ఉన్న లోహపు పట్టీ నుంచి అది మెల్లగా లోపలికి పాకాలి. దానికి తోడు వోల్టేజి తయారయ్యే చోటికీ పొరకూ మధ్య పెద్ద నిరోధకం పెడతారు. అంటే స్విచ్ వేసిన వెంటనే వినిపించే నీరసం తయారీ లోపం కాదు. శుభ్రమైన శబ్దానికి ముందుగా చెల్లించే మూల్యం.

నాగార్జునసాగర్ కుడి కాలువకు నీళ్లు వదిలిన రోజును తలచుకోండి. మాచర్ల వైపు రైతుకు నీళ్లు ముందే కనిపిస్తాయి. ప్రకాశం జిల్లాలో ఆయకట్టు చివరి భూములకు చేరడానికి రోజులు పడుతుంది. ఎండిన అడుగు తడవాలి, పగుళ్లు పీల్చుకోవాలి, దారిలోని తూములు తమ వాటా తీసుకోవాలి. పొర అంచు మాచర్ల అనుకుంటే పొర నడిమి భాగం ఆ చివరి ఆయకట్టు. గండ్లు లేకపోతే చివరికి నీరు ఆలస్యంగానైనా నిండుగా చేరుతుంది. గండ్లుంటే ఎన్నాళ్లు వదిలినా నిండదు. వదిలినదీ మధ్యలో పోయేదీ సమానమైన చోట మట్టం నిలిచిపోతుంది.

స్పీకరుకు గండ్లు పడేది తేమ వల్ల.

బాక్స్: జనపనార తాడు చెప్పిన రహస్యం
1729లో స్టీఫెన్ గ్రే అనే ఆంగ్లేయుడు, రుద్దిన గాజు గొట్టంలోని విద్యుత్తు దూరంగా ఉన్న వస్తువును చేరుతుందేమో చూడాలనుకున్నాడు. కెంట్ ప్రాంతంలో మిత్రుడు గ్రాన్‌విల్ వీలర్ ఇంట్లో జనపనార తాడును పట్టుదారాల మీద వేలాడదీసి వందల అడుగుల దూరం విద్యుత్తు పంపగలిగాడు. పట్టుదారం బరువుకు తెగితే దాని బదులు ఇత్తడి తీగ కట్టారు. ప్రయోగం విఫలమైంది, విద్యుత్తంతా ఇత్తడి గుండా జారిపోయింది. కొన్ని పదార్థాలు విద్యుత్తును పోనిస్తాయి, కొన్ని నిలుపుతాయి అన్న సంగతి అలా బయటపడింది. జనపనార తాడు విద్యుత్తును మోసింది ఎలా? ఎండినట్టు కనిపించినా నారలో తేమ ఉంటుంది. మోసింది ఆ తేమే.

మిల్లు తోలేసేదాన్నే స్పీకరు దాచుకుంటుంది

పత్తిపోగు దాదాపుగా సెల్యులోజు. సెల్యులోజుకు నీళ్లను పట్టుకునే గుణం ఉంది. పూర్తిగా ఎండిన దూది మామూలు గాలిలోంచి తేమ పీల్చుకుని తన బరువులో ఎనిమిది శాతం దాకా పెరుగుతుంది. నూలు వ్యాపారంలో లెక్కకట్టే అంకె 8.5 శాతం. పాలిస్టరు పోగు పీల్చుకునేది 0.4 శాతం మాత్రమే. దానికి నీళ్లంటే గిట్టదు.

గాలిలో తేమ 30 శాతం నుంచి 65కు పెరిగితే పత్తిపోగు విద్యుత్తును అడ్డుకునే శక్తి ఎన్నో రెట్లు పడిపోతుంది. తేమ కొంచెం మారితే పారుదల ఎంతో మారుతుందన్నమాట. కొనుగోలు కేంద్రంలో ముళ్ల మీటరు పనిచేయగలగడానికి కారణం ఇదే.

గుంటూరు, చిలకలూరిపేట పరిసరాల స్పిన్నింగ్ మిల్లుల్లో నిర్వాహకులకు పెద్ద తలనొప్పి పొడిగాలి. దూది యంత్రాల రోలర్ల మీద రాసుకుంటూ పోతుంటే ఛార్జి పుడుతుంది. గాలి పొడిగా ఉంటే ఆ ఛార్జికి పారిపోయే దారి ఉండదు. ఒకే రకం ఛార్జి ఎక్కిన పోగులు ఒకదాన్నొకటి నెట్టుకుని చెదురుతాయి, రోలరుకు చుట్టుకుంటాయి, దారం తెగుతుంది. అందుకే మిల్లులో హ్యుమిడిఫికేషన్ ప్లాంటు పెట్టి, నూలు వడికే చోట తేమ 55, 60 శాతం దగ్గర నిలుపుతారు. పత్తిలో పాలిస్టరు కలిపి వడికేటప్పుడు ఈ బాధ రెట్టింపు, ఆ పోగు తేమ పట్టదు కాబట్టి. చీరాల నేతగాడి గుంట మగ్గం సంగతీ ఇంతే. గుంటలోని చల్లదనం, తడి దారానికి మేలు చేస్తాయని తాతల నాడే తెలుసు.

ఇప్పుడు స్పీకరు వైపు చూస్తే నవ్వొస్తుంది. అందులోని పొర కూడా పాలిస్టరే. మైలార్ అన్న పేరుతో డ్యూపాంట్ కంపెనీ 1950లలో బజారులోకి తెచ్చిన పొరా, చొక్కా గుడ్డలోని పాలిస్టరు పోగూ రసాయనికంగా ఒకే పదార్థం. తేమ పట్టదు, ఛార్జిని వదలదు. మిల్లు మేనేజరు తిట్టుకునే ఆ గుణాన్నే స్పీకరు తయారీదారు ఏరికోరి తెచ్చుకున్నాడు.

గుంటూరు గాలిలో పెడితే

పొర తేమ పట్టకపోయినా పొరను పట్టి ఉంచే చట్రం, ఎడం కోసం పెట్టిన ప్లాస్టిక్ పట్టీలు, వాటి మీద పేరుకున్న దుమ్ము తేమ పడతాయి. శుభ్రమైన ప్లాస్టిక్ మీద నీటి పూత తెగితెగి ఉంటుంది, కరెంటుకు దారి దొరకదు. దుమ్ము చేరితే తేమ దుమ్ములో ఊరి దారి కలుస్తుంది. ఆ దుమ్ములో ఉప్పు కూడా ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. సముద్రానికి దగ్గరగా ఉన్న చీరాల, బాపట్ల, ఒంగోలు ఇళ్లకు ఉప్పుగాలి ఊరికే వస్తుంది.

ఈ స్పీకరు దుమ్మును తానే పిలుచుకుంటుంది కూడా. వేల వోల్టుల ఛార్జి ఉన్న పొర చుట్టుపక్కల తేలే నలుసుల్ని లాగుతుంది. మన ప్రాంతంలో ఆ నలుసులు మామూలువి కావు. జిన్నింగ్ సీజన్లో గాలిలో తేలే దూది నుసి, మిర్చి యార్డు జోరుగా ఉన్న నెలల్లో టిక్కీలు దించి ఎత్తే చోట లేచే ఘాటు పొడి. పొడి ఒక ఎత్తు, దూది నుసి ఒక ఎత్తు. ఇక్కడ పండే పత్తి పోగు పొడవు 28 నుంచి 30 మిల్లీమీటర్లు. పొరకూ రేకుకూ నడుమ ఎడం అందులో పదో వంతు. తెగిన ముక్క ఒకటి లోపలికి దూరినా, విద్యుత్ బలానికి నిక్కి నిలబడి పొరకూ రేకుకూ వంతెన అవుతుంది. గాలి పొడిగా ఉన్నంత సేపు పేచీ లేదు. తేమ రాగానే ఆ వంతెన మీద ఛార్జి నడవడం మొదలవుతుంది. స్పీకరులో ఉండుండి వినిపించే టిక్కు టిక్కు శబ్దాలకు ఇలాంటివే కారణం. మంచి తయారీదారులు రెండు వైపులా పలచని ప్లాస్టిక్ తెర బిగించేది అందుకే. ఆ తెర చిరిగితే మొదట మార్పించుకోవాల్సింది అదే, కేబుళ్లు మార్చడం కాదు.

ఋతువుల సంగతి. మే నెల మధ్యాహ్నం రెంటచింతల, మాచర్ల వైపు పడమటి గాలి కొడుతుంటే మనుషులకు ప్రాణసంకటం, ఈ స్పీకరుకు మాత్రం పండుగ. గాలి ఎండిపోయి గండ్లన్నీ పూడుకుంటాయి. కార్తీకం ముసుర్లలో, పుష్యమాసపు మంచు తెల్లవారుజామున పరిస్థితి తలకిందులు. ఇక్కడ ఒక మెలిక ఉంది. 25 డిగ్రీల దగ్గర 90 శాతం తేమ ఉన్న గాలిని 30 డిగ్రీలకు వేడి చేస్తే, అందులో నీరు చుక్కైనా తగ్గకపోయినా, తేమ శాతం 67కు పడిపోతుంది. వేడిగాలి ఎక్కువ నీటిని మోయగలదు కాబట్టి వస్తువుల మీది నీటి పూత ఆరిపోతుంది. స్పీకరు అడుగున ఉన్న ట్రాన్స్‌ఫార్మరు, వోల్టేజి పెంచే వలయం కొద్దిగా వేడెక్కి చేసే సాయం అదే. ‘వేడెక్కితే బాగా పాడుతుంది’ అన్న నానుడిలో వేడి చేసే పని పొరను కాల్చడం కాదు, గండ్లను పూడ్చడం.

ఎంత సేపు? ఎవరి మాట నమ్మాలి?

వాడేవాళ్లు చెప్పే సమయాలు నిమిషం నుంచి రెండు రోజుల దాకా ఉంటాయి. అన్నీ ఒకే కారణానికి చెందవు.

మొదటిది విద్యుత్తు నిండడం. పెద్ద నిరోధకం గుండా ఛార్జి దిగడానికి సెకన్లు, పూత మీద నడిమి దాకా పాకడానికి మరికొంత. ఆరోగ్యంగా ఉన్న స్పీకరు ఒకటి రెండు నిమిషాల్లో దాదాపు పూర్తి గొంతు అందుకోవాలి. పొర మీద వోల్టేజి సగమే ఉంటే శబ్దపు ఒత్తిడీ సగమే. నిండేకొద్దీ పెరుగుతుంది కాబట్టి చెవికి ఆ తేడా స్పష్టంగానే తెలుస్తుంది.

రెండోది తేమ ఆరడం. దీనికి పావుగంట, అరగంట, తడి నెలల్లో పాత స్పీకరుకు ఇంకా ఎక్కువ. ఇక్కడ గోడల చెమ్మ, దుమ్ము, ఎన్నాళ్లుగా ప్లగ్గు తీసి ఉంచారన్నదీ లెక్కలోకొస్తాయి.

రోజులు గడిస్తే తప్ప బాగా పాడదంటే మాత్రం నేను నమ్మను. అది మన చెవి అలవాటు పడటమైనా అయ్యుండాలి, పూత అరిగిపోయో వోల్టేజి వలయం నీరసించో మరమ్మతు కోరుతున్న స్పీకరైనా అయ్యుండాలి. వేడెక్కడం పేరు చెప్పి జబ్బును దాచుకోవడం తగదు.

ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటుంది. ఘంటసాల పాత సినిమా పాటలు ఒకే ఛానెల్లో రికార్డయినవి. రెండు స్పీకర్లూ సమానంగా ఉంటే ఆయన గొంతు సరిగ్గా నడుమ నిలవాలి. స్విచ్ వేయగానే గొంతు ఒక పక్కకు వాలి, పది నిమిషాలకు నడుమకు చేరితే, వాలిన పక్కకు ఎదురుగా ఉన్న స్పీకరులో గండి ఉందన్నమాట. ఇంకో పద్ధతి, పాట నడుస్తుండగా స్పీకరుకు ఛార్జి అందించే ప్లగ్గు తీసేయడం. ఆంప్లిఫయరు నుంచి పాట వస్తూనే ఉంటుంది, పొర తన దగ్గరున్న ఛార్జితో పలుకుతూనే ఉంటుంది. గొంతు ఎంత మెల్లగా తగ్గితే స్పీకరు అంత ఆరోగ్యం. చటుక్కున పడిపోతే తేమో, దుమ్మో.

బాక్స్: వేడెక్కనక్కర్లేని తమ్ముడు
ఎలక్ట్రోస్టాటిక్ స్పీకరును తిరగేస్తే కండెన్సరు మైకు. పొర ముందు మాట్లాడితే పొర ఊగి, విద్యుత్తు పుడుతుంది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలల పరిశోధకులు గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ 1962లో ఒక ఉపాయం కనిపెట్టారు. టెఫ్లాన్ పొరలో ఛార్జిని ఏళ్ల తరబడి నిలిచేలా బంధించారు. బయటినుంచి వోల్టేజి అక్కర్లేదు, నిండే దాకా ఆగే పనీ లేదు. పాత టేప్‌రికార్డర్లలో, కాలర్ మైకుల్లో ఉన్నది ఈ ఎలక్ట్రెట్ మైకే. అదే ఉపాయంతో పెద్ద స్పీకరు చేయడం తేలిక కాదు. గదినిండా శబ్దం రావాలంటే వేల వోల్టుల స్థాయి కావాలి, బంధించిన ఛార్జి అంత పెద్ద పొర మీద సమంగా నిలవాలి.

ఉన్నవాళ్లకు నాలుగు మాటలు

ఈ తరహా స్పీకరు మీ ఇంట్లో ఉంటే, ఆషాఢం నుంచి పుష్యం దాకా ప్లగ్గు తీయకుండా ఉంచడం మంచిది. ఛార్జి నిలిపి ఉంచడానికి ఖర్చయ్యేది కొద్ది వాట్లే. ఇప్పటి కొన్ని నమూనాలు పాట వచ్చినప్పుడే ఛార్జి ఎక్కించుకుని, లేనప్పుడు వదిలేస్తాయి. దుమ్ము తక్కువ చేరుతుంది కాబట్టి అదీ మేలే, అయితే ముసురు రోజుల్లో వాటికి కొంచెం ముందుగా పాట పెట్టాలి. ఏసీ ఉన్న గదిలో వినడం మొదలుపెట్టే ముందు ఏసీని అరగంట నడిపితే గదిలోని తేమ బయటికి పోతుంది. బయటి గోడకు, వానకు తడిసే కిటికీకి దూరంగా నిలబెట్టండి. ఊడ్చేటప్పుడు గుడ్డ కప్పండి.

వెనక మూత మాత్రం మీరు తెరవొద్దు. ఛార్జిని వదలకుండా పట్టుకోవడమే దాని వృత్తి. ప్లగ్గు తీసిన తర్వాత కూడా లోపల వేల వోల్టులు చాలాసేపు నిలిచి ఉంటాయి. దుమ్ము దులపాలన్నా, తెర మార్చాలన్నా, ఆ ఛార్జిని క్షేమంగా దించడం తెలిసిన మెకానిక్ చేతికే ఇవ్వండి.